అక్క ఫోన్ రాలేదు

అక్టోబర్ 6

వీరేంద్ర సర్ ఈ రోజు కొత్త పని అంటగట్టారు. ఆయన మా రేడియో స్టేషన్‌లో ప్రోగ్రాముల ఇన్‌చార్జి. ఈ దీవుల్లో ఎన్ని భాషలవాళ్లున్నారో అన్ని భాషల్లోంచీ సామెతలు పోగుచేయాలట. అన్నీ ఒకే విషయం మీద ఉండాలి: పెద్దలు చెప్పింది వినడం, హెచ్చరిస్తే ఆగడం. ఒక్కో భాషకు రెండు నిమిషాలు. బెంగాలీ, తమిళం, మలయాళం, నికోబారీ, కరెన్, రాంచీవాళ్ల సాద్రీ, ఇంకా ఎన్ని దొరికితే అన్ని. తెలుగు చివర్లో. తుఫానుల సీజన్ కదా, జనంలో అవేర్‌నెస్ వస్తుందని ఆయన ఆశ.

సామెత వింటే ఆగుతారా సర్ అని అడిగాను. కాస్త పాజిటివ్‌గా ఆలోచించు కళ్యాణీ అన్నారు.

పదకొండేళ్లుగా తెలుగు వాతావరణ బులెటిన్ చదువుతున్నాను. పొద్దున ఏడూ పదికి, సాయంత్రం ఆరూ నలభై ఐదుకి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు అన్న వాక్యం నా నోటితో ఎన్ని వందలసార్లు చదివానో. అది విని ఆగిన మనిషి ఒక్కడు కూడా నాకు తెలియదు. హెచ్చరిక ఉన్నప్పుడల్లా విడిగా ఫోన్ చేసి మరీ చెప్పినా నా సొంత తమ్ముడు చక్రే ఆగడు. జంగ్లీఘాట్‌లో వాడికి ఇంజిను డింగీ పడవ ఉంది. వాడూ కన్నబాబు మావయ్యా కలిసి వేటకు పోతారు. ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా నాన్నతో పాటు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నాన్న పోయాక చక్రికి సముద్రం నేర్పినవాడు.

చక్రి భార్య చాందిని మొన్న చెప్పింది. నేను చదువుతుంటే వాడు నా గొంతు ఎగతాళి చేస్తాడట. వె...ళ్ల...రా...దు అని సాగదీస్తాడట. వల సర్దుకుంటూనే.


అక్టోబర్ 8

గోల్ ఘర్‌లో మా ఇంటి కింద కిరాణా కొట్టు దాదా బెంగాలీ సామెత చెప్పాడు. ఉల్లిపాయలు తూస్తూ, నా వైపు చూడకుండానే. మాట బాగుంది. ఖైనీ మానకపోతే దవడ తీసేయాల్సి వస్తుందని డాక్టర్ అన్నాడని పోయిన నెలే నాతో చెప్పుకున్నాడు ఈ మనిషి. సామెత చెబుతున్నంతసేపూ పెదవి కింద ఖైనీ ఉంది. రికార్డింగ్‌లో మాట ముద్దముద్దగా వచ్చింది. మళ్లీ తీసుకోవాలి.


అక్టోబర్ 11

కార్ నికోబార్ నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో పనిచేసే నర్సు దగ్గరికి వెళ్లాను. డ్యూటీ అయ్యాక మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. సామెత చెప్పడానికి పది సెకన్లు పట్టింది. ఇక్కడ రాయను, స్క్రిప్టులో ఉంది. ఈ మాట ఎవరి దగ్గర విన్నారని అడిగాను. దానికి అరగంట పట్టింది.

2004లో భూమి ఊగగానే వాళ్ల నానమ్మ ఇంట్లో అందర్నీ గుట్ట మీదికి తోలిందట. అందరూ ఎక్కారు. నాన్న కూడా ఎక్కాడు. మొదటి అల వచ్చి వెనక్కి పోయాక పందుల్ని విప్పి వస్తానని కిందికి దిగాడట. నానమ్మ వద్దంది. ఇప్పుడే వస్తానన్నట్టు ఆయన చెయ్యి ఊపాడట. ఎలా ఊపాడో నర్సు నాకు చేసి చూపించింది. అంత చిన్నగా ఊపాడట.

వీరేంద్ర సర్ అంతా విన్నారు. అరగంటలో పది సెకన్లు ఉంచారు. పొద్దున్నే జనం ఏడుపు వినలేరట. ముందూ వెనకా మ్యూజిక్ పెట్టమన్నారు.

నాకు ఒళ్లు మండింది. రేపు తమిళం ఉంది.


అక్టోబర్ 14, పొద్దున 8

అల్పపీడనం. రేపటికి వాయుగుండం అవుతుందని బులెటిన్. గాలి గంటకు యాభై ఐదు నుంచి అరవై ఐదు కిలోమీటర్లు. చదివి బయటికి రాగానే చాందిని ఫోన్. రట్లాండ్ దీవికి దక్షిణాన సుర్మై చేప గుంపులు గుంపులుగా పడుతోందట. మూడు రోజులకు సరిపడా ఐస్ ఎక్కిస్తున్నాడట చక్రి. తన మాట ఎలాగూ వినడు, మీరైనా చెప్పండి దీదీ అంది. వదినా అని పిలవడం ఆ పిల్లకు ఎప్పటికీ రాదు.


అదే రోజు, సాయంత్రం 5

లీవు పెట్టి జంగ్లీఘాట్ వెళ్లాను. చెప్పాను. వాడు నవ్వి ఆకాశం చూపించాడు. నిజమే, ఒక్క మబ్బు లేదు. నీ బులెటిన్‌కి ఆకాశమంటే పడదక్కా అన్నాడు. పక్క డింగీవాళ్లు కూడా నవ్వారు.

ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచి, డింగీ ఎక్కి, ఐస్ పెట్టె మీద కూర్చున్నాను. దిగనన్నాను. వెళితే నన్ను కూడా తీసుకెళ్లమన్నాను. ఒడ్డంతా చూస్తోంది. వాడి మొహం నల్లబడింది. ముప్పై ఒక్కేళ్ల మగవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అందరి ముందూ అక్క వచ్చి పడవలో కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

“దిగక్కా. లోగ్ దేఖ్ రహే హై” అన్నాడు, పళ్ల బిగువున.

గంట గడిచింది. చీర అంచు ఐసు నీళ్లలో నానిపోయింది. చివరికి కన్నబాబు మావయ్య వంగి ఇంజిను మరలు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు ఇంటికాడ కూర్చుంటే అరిగిపోంలేరా అన్నాడు. ఇంజిను భుజానికెత్తుకుని నా పక్క నుంచి దిగిపోయాడు. చక్రి నన్ను చూడకుండా ఐసంతా ఒడ్డున కుమ్మరించాడు.

పదకొండేళ్లలో మొదటిసారి నా మాటకు ఒకడు ఆగాడు. ఆటోలో వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. అద్దంలో డ్రైవర్ చూశాడు కూడా.


అక్టోబర్ 15

ఎండ.


అక్టోబర్ 16

ఎండ. బట్టలు గంటలో ఆరిపోయాయి. ఆ ఆరిన చీరలు చూసినా కోపం వస్తోంది.


అక్టోబర్ 17

వాయుగుండం ఉత్తరానికి తిరిగి మయన్మార్ వైపు పోయింది. హెచ్చరిక ఎత్తేశారు. ఎత్తేశారన్న ముక్క కూడా నేనే చదివాను.

ఆ రోజు నవ్విన డింగీలన్నీ వెళ్లాయి. అన్నీ తిరిగొచ్చాయి. పడవల నిండా సుర్మై. చాందిని చెప్పింది, ఒడ్డున జనం చక్రిని చూసి రేడియో రేడియో అని పిలుస్తున్నారట.

సాయంత్రం వాడు ఇంటికొచ్చాడు. టీ పెడతానంటే వద్దన్నాడు. కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

“ఇకమీద నాకు ఫోన్ సెయ్యకక్కా. ఒడ్డుకి రాకు. రేడియోలో అందరికీ సదువుతావు కదా, నాకూ అలాగే సదువు. బస్.”

సరే అన్నాను. నాకూ రోషం వచ్చింది. గాలి తిరిగిపోతే అది నా తప్పా? వీరేంద్ర సర్‌కి చెబితే, చదవడమే మన పని, వాతావరణం మన పని కాదు అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది.


అక్టోబర్ 22

మాయాబందర్ నుంచి ఒక కరెన్ తాత ఫోన్‌లో దొరికాడు. చౌల్దారీలో కూరగాయలు పండించే రాంచీ అమ్మ ఒకామె పొలం గట్టు మీద దొరికింది. ఇద్దరివీ మంచి మాటలే. ఒకదాంట్లో పక్షి ఉంది, ఇంకోదాంట్లో ఏరు ఉంది. ఇద్దర్నీ ఎవరు చెప్పారని అడిగితే, ఎవరు వినలేదో చెప్పారు. తాత వాళ్ల అన్న. ఆ అమ్మ మొదటి కొడుకు. ఇద్దరూ పోయారు.

ఇప్పటికి తొమ్మిది భాషలు. తొమ్మిదింటిలోనూ చెప్పినవాడిదే గెలుపు, విననివాడిది ఓటమి. హెచ్చరించాక ఏమీ జరగకపోతే ఎలా అని నేను అందర్నీ అడిగాను. తాతకి ప్రశ్న అర్థం కాలేదు. ఏమీ జరగకపోతే మంచిదే కదా అన్నాడు. అమ్మ వంకాయలు కోసుకుంటూ నవ్వేసింది.

మంచిదేనట. వీళ్లింట్లో ఎవర్నీ ఊళ్లో రేడియో అని పిలవరు.


అక్టోబర్ 29

పొద్దున తలుపు తీస్తే కన్నబాబు మావయ్య. చేతిలో అరిటాకులో చుట్టిన రెండు చేపలు. రాజీకి వచ్చాడని తెలుస్తూనే ఉంది. తెలుగు ఎపిసోడ్‌కి మీరే ఒక సామెత చెప్పండి అని ఫోన్ ఆయన ముందు పెట్టాను. రికార్డింగ్ అనగానే మనిషి బిగుసుకుపోయాడు. కాసేపు ఫోన్‌ని చూసి, దాన్ని నా వైపు నెట్టేశాడు.

“నాకు మాటలేటి తెలుస్తాయమ్మా. ఆడి కోపం నాలుగు రోజులుంటాది. నువ్వు మాత్రం ఫోన్ సెయ్యడం మానకు.”

మీవాడే వద్దన్నాడు మావయ్యా అన్నాను. అంటే మానేస్తావా అన్నట్టు చూశాడు. వాడే వచ్చి సారీ చెప్పాక చూద్దామన్నాను. ఆయన తలూపి, చేప పులుసులో మామిడి ముక్క వెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

సారీ వాడే చెప్పాలి. ఈ మాట మీద నేను కదలను.


నవంబర్ 3, సాయంత్రం 7

మళ్లీ అల్పపీడనం. మళ్లీ అదే వాక్యం. ఈసారి గాలి యాభై నుంచి అరవై. చదివాను. స్టూడియో బయట ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చక్రి నంబర్ వరకూ వెళ్లాను. పెట్టేశాను.

అందరికీ చెప్పినట్టే చెప్పమన్నాడు. చెప్పాను. వింటాడో లేదో వాడిష్టం. నిజం రాయాలంటే, ఒక మూల హాయిగా కూడా ఉంది. ఈసారి ఎండ కాస్తే నన్నెవరూ ఏమీ అనలేరు.


నవంబర్ 4, మధ్యాహ్నం 2

పదకొండింటి నుంచి గాలి. డెలానీపూర్‌లో చెట్లు పడ్డాయట, కరెంటు లేదు. స్టేషన్ జనరేటర్ మీద నడుస్తోంది. చాందినికి నాలుగుసార్లు చేశాను. లైన్ కలవలేదు. వాడు ఇంట్లోనే ఉంటాడు. ఇలాంటి రోజున ఎవడు వెళతాడు.


అదే రోజు, సాయంత్రం 4

వెళ్లాడు. తెల్లవారకముందే వెళ్లారు ఇద్దరూ.

చాందిని స్టేషన్‌కే వచ్చింది, తడిసి ముద్దయి. ఎందుకు పోనిచ్చావు, నిన్న సాయంత్రం బులెటిన్ వినలేదా అని దాని మీద అరిచాను. విన్నామంది. వాడు కూడా విన్నాడట. ఈసారి ఎగతాళి చేయలేదట. అన్నం తింటున్నంతసేపూ ఫోన్ కంచం పక్కనే పెట్టుకున్నాడట. తిన్నాక కూడా కాసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నాడట.

“మీ ఫోన్ రాలేదు దీదీ. అందుకే పెద్దదేం కాదనుకున్నాం” అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. లేచి ఆరూ నలభై ఐదు బులెటిన్ చదవాలి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.


నవంబర్ 5

ఏ కబురూ లేదు. వర్షం. ఏడూ పదికి చదివాను. ఆరూ నలభై ఐదుకి చదివాను.


నవంబర్ 6

చక్రి దొరికాడు. రట్లాండ్ తూర్పు ఒడ్డున రాళ్ల మీద పడి ఉంటే వెతకడానికి పోయిన పడవవాళ్లు చూశారు. ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమ చెయ్యి విరిగింది. వీపంతా చీరుకుపోయింది. పెదాలు ఉప్పుకు పగిలి మాట్లాడితే రక్తం వస్తోంది. డాక్టర్ మాట్లాడొద్దన్నాడు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు.

చిడియాటాపు దాటకముందే కన్నబాబు మావయ్య దక్షిణాన మబ్బు చూశాడట. వెనక్కి పోదామా అని అడిగాడట. అక్కడింకా సిగ్నల్ ఉంది. చక్రి ఫోన్ తీసి చూసి, అక్క ఫోన్ రాలేదు మావయ్యా అన్నాడట. అయితే పదరా అన్నాడట ఆయన. రెండో మాట లేదట.

తొమ్మిది దాటాక అలలు లేచాయట. ఇంజిను ఆగింది. ఆయన వంగి తాడు లాగుతుంటే పక్క నుంచి అల కొట్టి డింగీ బోర్లా పడింది. ఇద్దరూ అడుగుచెక్క పట్టుకుని వేలాడారు. చాలాసేపు పట్టుకున్నారట. ఆయన మధ్యమధ్యలో వీడి పేరు పిలుస్తూ ఉన్నాడట, నిద్రపోకుండా. సాయంత్రమయ్యేసరికి ఒక అల వచ్చింది. అల దిగాక అవతలి వైపు ఆయన చేతులు లేవు.

ఇదంతా చెప్పి చక్రి నన్ను అడిగాడు. కోపంగా కాదు. తెలుసుకుందామని.

“ఎందుకు సెయ్యలేదక్కా?”

నువ్వే వద్దన్నావు కదరా అనలేకపోయాను. అదొక్కటే నా దగ్గరున్న జవాబు. చాందిని నీళ్లు తెచ్చింది. దూది తడిపి వాడి పెదాలు అద్దాను.


నవంబర్ 7

నిన్న రాసింది చదువుకున్నాను. వాడు వద్దన్నది కోపంలో. నేను మానేసింది ఆలోచించి. సాయంత్రం ఏడింటికి, నిండా తెలివిలో ఉండి, నంబర్ వరకూ వెళ్లి ఆగాను. నర్సు, తాత, రాంచీ అమ్మ చెప్పిన కథల్లో వినని మనిషి ఉన్నాడు. ఇక్కడ వాడు వింటూనే ఉన్నాడు. కంచం పక్కన ఫోన్ పెట్టుకుని మరీ.

ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు. పొద్దున కుక్కర్ మూత గోడకేసి కొట్టాను.


నవంబర్ 11

వెతకడం ఆపేశారు. కన్నబాబు మావయ్య దొరకలేదు.

అసిరమ్మ అత్త ఇంటికి వెళ్లాను. ఆయన భార్య. ఐదు రోజులుగా వెళ్లాలనుకుంటూ సందు చివరి దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. ఈ రోజు ఆమే గుమ్మంలోంచి చూసి పిలిచింది. పీట వేసింది. చుట్టూ ఉన్నవాళ్లు లేచి బయటికి వెళ్లారు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ సాయంత్రం రేడియోలో ఏం చదివావమ్మా అని అడిగింది. తను పొయ్యి దగ్గర ఉండి వినలేదట. ఆయన విన్నాడట. ఆయన విన్నది తనకూ వినిపించమంది.

చెప్పాను. గాలి వేగం, అలల ఎత్తు, ఏ వైపు నుంచి, ఎప్పటి దాకా. ప్రతి అక్షరం గుర్తుంది. చివరి వాక్యం కూడా చెప్పాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పూజలో కూర్చున్నట్టు కూర్చుని మొత్తం విన్నది.

“బాగా సదివావమ్మా” అంది.

నేను లేచి వస్తుంటే, అన్నం తిన్నావా అని అడిగింది.


నవంబర్ 19

తెలుగు ఎపిసోడ్ ఎక్కడ అని వీరేంద్ర సర్ అడిగారు. లేదన్నాను. మీ భాషలో ఒక్క సామెత లేదా అని ఆశ్చర్యపోయారు. కావలసినన్ని ఉన్నాయి, నేను చెప్పను అన్నాను. ఆ రెండు నిమిషాలకూ వేణువు వేశారు. బులెటిన్ మాత్రం నేనే చదివాను. గొంతు బాగానే ఉంది. అదే నాకు భరించలేనట్టుగా ఉంది.


డిసెంబర్ 16

చక్రి కట్టు విప్పారు. ఇంకో పదిహేను రోజులు బరువెత్తొద్దన్నారు. వాడు సరే అన్నాడు. డాక్టర్ చెప్పిందానికల్లా సరే అంటున్నాడు. గోడ పక్కన కూర్చోమంటే కూర్చుంటున్నాడు. చాందిని నన్ను వంటింట్లోకి పిలిచి, ఈ మనిషిని చూస్తే నాకు భయం వేస్తోంది దీదీ అంది.


జనవరి 5, పొద్దున 6

ఐదింటికి ఫోన్. చక్రి. వేరేవాళ్ల డింగీలో పోవడానికి కుదిరిందట. చెయ్యి బాగానే ఉందట.

“ఎల్లొచ్చా అక్కా?”

నిన్నటి బులెటిన్‌లో ఏ హెచ్చరికా లేదురా అన్నాను. బులెటిన్ సంగతి కాదు, నువ్వు చెప్పు అన్నాడు. కిటికీ తీశాను. ఆకాశం నిండా చుక్కలు, శుభ్రంగా ఉంది. చెట్లలో ఆకు కదలడం లేదు. వాడు అవతల ఎదురుచూస్తున్నాడు. ఊపిరి వినిపిస్తోంది.

వద్దన్నాను.

సరే అని పెట్టేశాడు. ఎందుకని అడగలేదు. ఒక్కసారి అడిగితే బాగుండేది.


జనవరి 6

వద్దన్నాను.


జనవరి 13

ఎనిమిది రోజులుగా వద్దనే చెబుతున్నాను. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. అందరూ వెళుతున్నారు. అందరూ తిరిగొస్తున్నారు. ఐదయింది. ఫోన్ మోగుతోంది.